శామ్యూల్ తాగని వైన్

కొన్నేళ్లుగా నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అన్నం తింటూ మధ్యలో లేచి స్టవ్ తుడుస్తాను. ఎవరైనా మాట్లాడుతుంటే లేచి బట్టలు మడతపెడతాను. మా ఇంట్లో వాళ్ళు అది నా స్వభావం అనుకుంటారు. స్వభావం కాదు. ఆగితే ఒక మనిషి ముఖం కళ్లముందుకు వస్తుంది. ఆ ముఖం ముందు నుంచి లేచి వెళ్ళిపోతూ ఉంటాను, అంతే. ఇన్నేళ్లూ మోసినది అదే.

మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు. బహుశా అందుకే. పేర్లు మార్చాను. మిగతాది కూడా కొంచెం మార్చుదామని, నేను కాస్త మంచిదానిలా కనబడేటట్టు రాద్దామని మొదలుపెట్టిన ప్రతిసారీ అనిపించింది. మార్చలేదు.

మేం అరోరాలో ఉంటాం, షికాగోకి పడమర వైపు. ఆదివారం మధ్యాహ్నాలు మాకు తెలుగు చర్చి. పొద్దున అమెరికన్ల ఆరాధన అయిపోయాక ఆ హాల్లోనే మాది. నేను అక్కడ క్వయర్‌లో పాడేదాన్ని. విజయ్ అన్న, ఎస్తేరు వదిన అక్కడే పరిచయమయ్యారు. చుట్టరికం ఏమీ లేదు. కానీ మేం కొత్తగా వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ మెట్లమీద మంచం మోసింది ఆయన. నా కాన్పు అయినప్పుడు వెల్లుల్లి కారం నూరి పథ్యం పెట్టింది ఆమె. ఈ దేశంలో నీ పుట్టిల్లు ఏదని అడిగితే వాళ్ళిల్లే చూపించేదాన్ని.

ఇప్పుడు ఆ సీసా గురించి చెప్పాలి.

పెళ్లికి ముందు విజయ్ అన్న కంపెనీ పని మీద ఫ్రాన్స్‌లో కొంతకాలం ఉన్నాడు. బోర్డో దగ్గర ఒక పల్లెలో, ద్రాక్షతోటల మధ్య పాత ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాడు. తోట ఆ ఇంటివాళ్ళదే. ఒక ముసలాయన, ఆయన కూతురు, అల్లుడు కలిసి చేసుకునే సేద్యం. వైన్ కూడా ఇంటి వెనక కొట్టంలో వాళ్ళే తయారుచేసుకునేవాళ్ళు. కోతల కాలంలో, సెలవు రోజుల్లో విజయ్ అన్న కూడా కత్తెర పట్టుకుని వాళ్ళతోపాటు సాళ్లలోకి దిగాడట. గుంటూరు వైపు మిరప రైతుల బిడ్డ. నడుం వంచడం ఆయనకు కొత్త కాదు. తర్వాత ఒకసారి వాళ్ళను చూడటానికి వెళితే, విజయ్ అన్న కోసిన ఏటి ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ సీసా ఒకటి ముసలాయన ఈయన చేతిలో పెట్టాడు. ఇది ఇంకా చిన్నపిల్ల, తొందరపడి లేపకు, నీకు పెద్ద పండగ వచ్చినప్పుడు తియ్యి అన్నాడట. ఆ ముసలాయన ఇప్పుడు లేడు.

విజయ్ అన్న దాన్ని తన పాతికేళ్ల పెళ్లిరోజుకి తియ్యాలని పెట్టుకున్నాడు. బేస్‌మెంట్‌లో మెట్ల కింద, వేడి తగలని మూల, పాత టవల్ చుట్టి పడుకోబెట్టాడు. ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా కిందికి తీసుకెళ్ళి చూపించేవాడు. లేబుల్ మీద ఆ ఇంటి బొమ్మ ఉండేది. అందులో తను ఉన్న కిటికీ మీద వేలు పెట్టేవాడు. మా చర్చిలో మందు ముట్టరు. ప్రభువు చివరి విందును తలుచుకునే ప్రభు బల్ల దగ్గర కూడా చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఉత్త ద్రాక్షరసమే. సంఘ పెద్దలు ఒకరిద్దరు ఆ సీసా గురించి గొణిగితే విజయ్ అన్న నవ్వేసేవాడు. "అది మందు కాదండీ. నా కూలి," అనేవాడు.

ఆయనకొక తమ్ముడు, శామ్యూల్. డాలస్‌లో మంచి ఉద్యోగం చేసేవాడు. తాగుడులో పడ్డాడు. పెళ్లి చెడింది, ఉద్యోగం పోయింది. విజయ్ అన్న వెళ్ళి తమ్ముణ్ణి చికిత్సకు చేర్పించి, తర్వాత తన ఇంటికే తెచ్చుకున్నాడు. శామ్ బేస్‌మెంట్ గదిలో ఉండేవాడు. ఒక గోడౌన్‌లో పనికి వెళ్ళేవాడు. చర్చిలో ఆఖరి వరసలో కూర్చుని, అందరూ వెళ్ళాక కుర్చీలు మడిచి సర్దేవాడు. ఏడాది దాటింది, చుక్క ముట్టలేదు. ఆ సీసా అతను పడుకునే గదికి నాలుగడుగుల దూరంలో ఉండేది. పైకి తెచ్చేయమని ఎస్తేరు వదిన ఎన్నోసార్లు చెప్పింది. విజయ్ అన్న ఒప్పుకోలేదు. "తీసేస్తే వాణ్ణి నమ్మట్లేదని చెప్పినట్టే," అన్నాడు.

ఈ మాట నాకు తెలుసు. నా ముందే అన్నాడు. తెలిసి కూడా చేశాను.

ఆ ఏడు మా ఆయన ఉద్యోగం పోయింది. ఆయన నా వీసా మీదకు మారాడు. అంటే నా ఉద్యోగం ఒక్కటే మా ముగ్గురినీ ఈ దేశంలో నిలబెట్టి ఉంచింది. అంతలో మా కంపెనీలోనూ లేఆఫ్స్ అన్నారు. పక్క టీమ్‌లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. మా పాప అప్పుడే స్కూల్లో స్నేహాలు కుదుర్చుకుంటోంది. నాకు అన్నం సహించేది కాదు. మా మేనేజర్‌ని గ్రెగ్ అందాం. ఆయన నా వైపు మామూలుగా చూసినా అందులో ఏదో ఉందనుకునేదాన్ని. ఒకసారి టీమ్ లంచ్‌లో ఆయన వైన్ గురించి మాట్లాడాడు. పెద్ద పేర్లున్నవి డబ్బుంటే ఎవరైనా కొంటారు, ఫ్రాన్స్‌లో చిన్న కుటుంబాలు ఇంటిమటుకు చేసుకుని ఏళ్ల తరబడి దాచినవి దొరకవు, అలాంటిది ఒక్కసారి రుచి చూడాలి అన్నాడు. అందరూ తలలూపారు. నా తలలో మాత్రం మెట్ల కింద టవల్ కనబడింది.

కొన్నాళ్లకు గ్రెగ్ టీమ్‌ని కుటుంబాలతో ఇంటికి పిలిచాడు. ఏదైనా సీసా కొందామని దుకాణానికి వెళ్ళాను. అరల నిండా సీసాలు. ఏది మంచిదో, ఏది కాదో తెలియదు. జీవితంలో ఎప్పుడూ కొనలేదు. ఏదీ కొనకుండా బయటికి వచ్చాను.

ఆ వారం విజయ్ అన్న వాళ్ళు ఎవరిదో పెళ్లికని కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వెళ్ళారు. మొక్కలకు నీళ్లు పొయ్యమని, పాటల ప్రాక్టీస్‌కి కీబోర్డ్ తీసుకోమని వదిన నాకు గరాజ్ కోడ్ చెప్పింది. శామ్ పనికి వెళ్ళాడు. నేను మొక్కలకు నీళ్లు పోశాను. అన్నింటికీ పోశాను, ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలన్నట్టు. అప్పుడు ఏం ఆలోచించాను? మళ్ళీ ఇలాంటిదే ఒకటి తెప్పించి పెట్టేద్దాం, పెళ్లిరోజుకి ఇంకా చాలా టైమ్ ఉంది అనుకున్నాను. నిజంగా అనుకున్నానా, లేక తర్వాత నాకు నేను చెప్పుకున్నానా? ఇప్పుడు తేల్చుకోలేను. సీసాను కీబోర్డ్ సంచిలో పెట్టాను. టవల్‌ను మాత్రం లోపల ఏదో ఉన్నట్టే గుండ్రంగా చుట్టి అదే చోట పెట్టాను. తెప్పించి పెట్టేద్దామనుకున్న మనిషి టవల్‌ను అలా ఎందుకు చుడుతుంది? చూడండి, నా చేతులకు అప్పటికే అంతా తెలుసు.

మా ఆయనకు కొన్నానని చెప్పాను.

గ్రెగ్ లేబుల్ చూసి ఆగిపోయాడు. వెంటనే తీశాడు. గాజు కూజాలోకి మెల్లగా వంపాడు. సీసా అడుగున నల్లటి మడ్డి మిగిలింది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇది దుకాణంలో దొరికేది కాదు, ఎక్కడిది అని అడిగాడు.

"మా అన్నయ్య అక్కడ స్వయంగా కోసిన ద్రాక్షతో చేసింది," అన్నాను.

ప్రతి మాటా నిజమే. ఆ నిజం ఎంత సులువుగా నోట్లోంచి వచ్చిందో నాకిప్పటికీ గుర్తుంది. ఆయన బలవంతం చేస్తే నేనూ ఒక గుక్క తాగాను. ముందు వగరు. నేరేడుపళ్లు తిన్నాక నాలుక మొద్దుబారినట్టు. తర్వాత తడిమట్టి వాసన లాంటిది, ఇంకా దేనిదో, ఎండిన పువ్వులదేమో. బాగుంది. అదీ ఒప్పుకోవాలి. బాగుంది.

ప్లేట్లు లోపల పెట్టడానికి వెళ్ళినప్పుడు గ్రెగ్ గొంతు తగ్గించి చెప్పాడు. నేను ఇది చెప్పకూడదు, కానీ నువ్వు హాయిగా ఉండు, తీసేసేవాళ్ళ లిస్ట్ పోయిన వారమే పైకి వెళ్ళిపోయింది, అందులో నీ పేరు లేదు అన్నాడు. సింక్ అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆయన నేను సంతోషంతో అలా అయ్యాననుకున్నాడు. పోయిన వారమే. అంటే నేను ఆ మెట్లు దిగకముందే.

తర్వాత ఆ సీసా కోసం వెతకని చోటు లేదు. ఆ కుటుంబం తమ వైన్‌ని చుట్టుపక్కల ఊళ్లలో తప్ప అమ్మదు. ఆ ఏటిది ఎక్కడా లేదు. చెప్పేద్దామని వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వదిన టీ ఇచ్చేది. తాగి వచ్చేదాన్ని.

పెళ్లిరోజు వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి అంతా వాళ్ళింట్లోనే. బిర్యానీ, గోంగూర మటన్, పిల్లల గోల. మా క్వయర్ పాడింది. నేనూ పాడాను. పాట కాగానే విజయ్ అన్న చేతులు చరిచి, "ఇప్పుడు అందరూ నా కూలి చూస్తారు," అని నవ్వుతూ కిందికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో టవల్ ఉంది. దాన్ని ఇటూ అటూ తిప్పుతున్నాడు, ఎక్కడో మడతలో ఉంటుందన్నట్టు.

శామ్ బల్ల దగ్గర నిలబడి అందరికీ పెరుగు చట్నీ వడ్డిస్తున్నాడు.

"శామ్, బాటిల్ ఏదిరా?"

"అక్కడే ఉండాలి కదా అన్నయ్యా."

"లేదు."

వదిన మొగుడి చెయ్యి పట్టుకుని, "తర్వాత మాట్లాడుకోవచ్చండీ, అందరూ ఉన్నారు," అంది. ఆయన వినలేదు.

"తాగితే తాగానని చెప్పు. కోప్పడను. చెప్పు చాలు."

"తాగలేదన్నయ్యా." శామ్ గరిటె గిన్నెలో పెట్టాడు. "నేను తాగొచ్చి నీకు చాలాసార్లు అబద్ధం చెప్పాను. ఒప్పుకుంటున్నా. ఈసారి చెప్పట్లేదు. బిలీవ్ మీ."

"ప్రతిసారీ ఇదే మాట అన్నావురా," అన్నాడు విజయ్ అన్న.

అరవలేదు. అరిచినా బాగుండేది. శామ్ మా అందరి ముఖాలూ ఒకసారి చూశాడు, ఎవరైనా ఏదైనా అంటారేమోనని. నా ముఖం కూడా చూశాడు. ఇన్నేళ్లూ నేను పారిపోతున్నది ఆ చూపు ముందు నుంచే. నాకప్పుడు ఏమనిపించిందో తెలుసా? భయం అనుకుంటారు. సిగ్గు అనుకుంటారు. కాదు. ప్రాణం లేచొచ్చింది. అందరి కళ్లూ అటు తిరిగాయి, ఇక నావైపు తిరగవు అనిపించింది. ఒక మనిషి నా కళ్లముందు కూలిపోతుంటే నాకు ఊపిరి ఆడింది.

ఇంటికి వెళ్తుంటే కార్లో మా ఆయన, "పాపం విజయ్ గారు. అలాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే ఇంతే," అన్నాడు.

"అవును," అన్నాను.

శామ్ ఆ వారమే వెళ్ళిపోయాడు. న్యూజెర్సీలో, పిస్కాటవేలో ఎవరో పాత స్నేహితుడి దగ్గరికి. కొన్ని నెలల తర్వాత ఆడవాళ్ళ ప్రార్థనలో ఎస్తేరు వదిన ఏడుస్తూ చెప్పింది, శామ్ మళ్ళీ మొదలుపెట్టాడట, అతను చేస్తే విజయ్ అన్న ఫోన్ కూడా ఎత్తట్లేదట. అందరూ నిట్టూర్చారు. వదిన నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ప్రేయర్ చెయ్యమ్మా వాడి కోసం," అంది. చేశాను. కళ్లు మూసుకుని అతన్ని ఆ వ్యసనం నుంచి విడిపించమని అడిగాను. ఏడ్చాను కూడా. నాది ఎంత జాలిగుండె అని తర్వాత ఒకామె అంది. దొంగతనం కంటే, మౌనం కంటే నాకు ఆ ప్రార్థనే ఎక్కువ అసహ్యం. దేవుడి ముందు కూడా నేరం అతని మీదే పెట్టి మాట్లాడాను.

ఆ తర్వాత ప్రభు బల్ల రోజున కప్పుల ట్రే నా దగ్గరికి వస్తే పక్కవాళ్ళకు అందించేసేదాన్ని. కడుపులో బాగాలేదనేదాన్ని. ద్రాక్షరసం వాసనకే లేచి బయటికి వెళ్ళిన రోజులున్నాయి. ఏళ్లు గడిచాయి. గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇల్లు కొన్నాం. దేనికోసం భయపడ్డానో అదంతా సర్దుకుంది. నేను మాత్రం సర్దుకోలేదు.

పోయిన ఏడాది పాపకి కాలేజీలు చూపించడానికి పిస్కాటవే వెళ్ళాం. ఊరి పేరు వినగానే నాకు తెలిసిపోయింది, అక్కడికి వెళ్తే నేను ఊరుకోలేనని. తెలిసినవాళ్ళ ద్వారా శామ్ నంబర్ సంపాదించాను. మందుల కంపెనీలో పని చేస్తున్నాడు. మళ్ళీ మానేశాడు. పాపా, వాళ్ళ నాన్నా క్యాంపస్ చూస్తుంటే నేను ఒక టిఫిన్ సెంటర్‌లో అతని ఎదురుగా కూర్చున్నాను. జుట్టు తెల్లబడింది. "బాగున్నారా అక్కా?" అన్నాడు, అదే మర్యాదతో. కుశలప్రశ్నలు వేస్తే ఇక చెప్పలేనని తెలిసి వెంటనే చెప్పేశాను. ఎందుకు తీశానో, ఎవరికిచ్చానో, టవల్ ఎలా చుట్టానో, అంతా.

అతను నా ముఖం మీంచి చూపు తిప్పి టీ కప్పు పక్కకి జరిపాడు.

"మీరా," అన్నాడు. తర్వాత మెల్లగా, "నాకు ఎప్పుడూ గుర్తు రాలేదండీ. అందుకే," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"తాగే రోజుల్లో ఏం చేశానో పొద్దునకి గుర్తుండేది కాదు. అందరూ అంత ష్యూర్‌గా ఉంటే నాకే డౌట్ వచ్చింది. తాగేసి మర్చిపోయుంటానని ఫిక్స్ అయిపోయా. ఏడాది మానేసినా నేనింతే అనుకున్నా. అలా అనుకున్నాకే మళ్ళీ తాగాను అక్కా. అంతకుముందు తాగలేదు."

నేను ఎన్నో ఊహించుకున్నాను. తిడతాడనుకున్నాను. ముందే తెలుసంటాడనుకున్నాను. ఇది మాత్రం ఊహించలేదు. నేను అతని మీద నింద పడనిచ్చాననే ఇన్నేళ్లూ అనుకున్నాను. అతని మీద అతనికున్న నమ్మకాన్నే తీసుకెళ్ళిపోయానని తెలియదు. క్షమించమని అడగబోయాను. ఆగిపోయాను. ఆ మాటకి అతను ఏదో ఒకటి జవాబు చెప్పాల్సి వస్తుంది. అంత పని కూడా అతని మీద పెట్టడానికి నాకు హక్కేముంది?

"అన్నయ్యకి చెప్పారా?"

"లేదు."

"చెప్పండి. నేను చెప్తే నమ్మడు." టీ అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం హోటల్ గదిలో మా ఆయనకు చెప్పాను. "కొన్నానన్నావు కదా," అన్నాడు. అంతే. ఇప్పటికీ మా మధ్య పాలు, బిల్లులు, పాప చదువు తప్ప వేరే మాట నడవదు.

తిరిగి రాగానే విజయ్ అన్న దగ్గరికి వెళ్ళాను. ఇంటిముందు గడ్డి కోస్తున్నాడు. నన్ను చూసి నవ్వి మెషీన్ ఆపాడు. చెప్పాను. ఆయన సీసా ఊసే ఎత్తలేదు. "వాడికి తెలుసా?" అని మాత్రం అడిగాడు. తెలుసన్నాను. గరాజ్ మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"వాడు ఎన్నిసార్లు కాల్ చేశాడో తెలుసా నీకు? నేను ఎత్తలేదు. నేనూ తప్పు చేశాను."

ఎస్తేరు వదిన గుమ్మంలో ఉంది. అంతా విన్నట్టుంది. "నువ్వు ఇంటికి వెళ్ళమ్మా," అంది. ఎప్పుడూ అనే 'అమ్మా' కాదది. కార్లో కూర్చున్నాక నా ఒళ్లు తేలికైంది. వెంటనే ఆ తేలిక చూసి భయం వేసింది. నేను దించుకున్నది నేలమీద పడలేదు. ఆ మెట్టు మీద కూర్చున్న మనిషి నెత్తిన పడింది. అయినా చెప్పకుండా ఉండాల్సిందా? ఇప్పటికీ ఈ ప్రశ్న దగ్గర తిరుగుతూనే ఉన్నాను.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో పాస్టర్ గారు ఎవరైనా మాట్లాడతారా అని అడిగారు. శామ్ మీద నింద పడింది అందరి ముందు. చూసింది మేమందరం. నేను లేచి మైక్ దగ్గరికి వెళ్ళాను. దేవుడు నాకు చేసిన మేలు చెబుతాననుకుని ముందు వరసలో వాళ్ళు అప్పటికే తలలూపుతున్నారు. విజయ్ అన్న, వదిన కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఎక్కడికి వెళ్ళారో నాకు చెప్పేవాళ్ళు లేరు. అడిగే ముఖం నాకు లేదు.

"శామ్యూల్ ఆ వైన్ తాగలేదు. తీసుకెళ్ళింది నేను," అన్నాను.

ఇంకా చెప్పాలనుకుని చాలా సిద్ధం చేసుకున్నాను. ఏదీ గుర్తు రాలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత కీబోర్డ్ దగ్గరున్న అమ్మాయి వైపు చూసి తర్వాతి పాట ఎత్తమన్నారు. అందరూ నిలబడ్డారు. నేను వెళ్ళి ఆఖరి వరసలో ఒక కుర్చీలో కూర్చున్నాను. పక్కకి ఎవరూ రాలేదు. పాట అయ్యేదాకా అక్కడే ఉన్నాను, లేవకుండా.